వందలో పెట్టిన లైటు

ఏడేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. అన్నం తింటాను, నవ్వుతాను, పెళ్ళిళ్ళకి పట్టుచీర కట్టుకుని వెళ్తాను, నలుగురితో కలిసి వాళ్ళనీ వీళ్ళనీ ఆడిపోసుకుంటాను. అది మాత్రం అక్కడే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఇంట్లో వాళ్ళకి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ "కాఫీ పెట్టనా?" అని ఊరుకున్నాను.

ముందే చెప్పేస్తాను, లేకపోతే మళ్ళీ ఏదో ఒక సాకు వెతుక్కుంటాను. మా తోడికోడలు ప్రాణంగా పెంచుకున్న పగడాల్ని నేను చంపాను. ఆ నింద నా స్నేహితురాలి మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. కాదు, ఊరుకోవడం కూడా కాదు. పడేలా చేశాను.

తిరువూరులో పగడాలేంటి అనుకుంటున్నారు కదా. మేమూ అలాగే అనుకున్నాం. మాది పొలాలున్న కుటుంబం. మా ఆయనా, మా మరిదీ కలిసి ఎరువుల కొట్టు నడుపుతారు. పదకొండేళ్ళు ఆ ఇంటికి నేనొక్కదాన్నే కోడల్ని. తర్వాత మరిదికి పెళ్ళయి స్రవంతి వచ్చింది. బందరు పిల్ల. చేపల పెంపకం మీద పెద్ద చదువే చదివింది. సముద్రం పక్కన పుట్టి మా మెట్టకొచ్చి పడింది. ఏడాది తిరక్కుండానే హాల్లో నాలుగడుగుల గాజు తొట్టి పెట్టించింది. మామూలు చేపల తొట్టి కాదు, ఉప్పునీళ్ళది. సంచుల్లో వచ్చే ఉప్పు ఫిల్టరు నీళ్ళలో కలిపి, కొలిచి, అడుగున రాళ్ళు పేర్చి, నెలల తరబడి ఆ ఖాళీ నీళ్ళకి కాపలా కాసింది. "రాళ్ళకి నీళ్ళు పోసి పెంచుతోందే ఈ పిల్ల" అని మా అత్తగారు నవ్వేవారు. నేను ఇంకాస్త గట్టిగా నవ్వేదాన్ని.

తర్వాత నాలుగైదు చేపలు, వాటి వెనక పగడాలు వచ్చాయి. సముద్రంలోంచి తీసినవి కావట. ఇలా ఇళ్ళల్లో పెంచేవాళ్ళు ఒకరికొకరు ముక్క విరిచి ఇచ్చుకుంటారట, మనం గులాబీ కొమ్మ ఇచ్చుకున్నట్టు. వచ్చినప్పుడు గోరంత ఉన్నాయి. రెండేళ్ళకి రాళ్ళ మీదంతా పాకాయి. పచ్చగడ్డిలా ఊగేవి కొన్ని, చొక్కా గుండీల్లా ఎర్రగా, నారింజరంగులో గుంపులుగా విచ్చుకునేవి కొన్ని. నిజం చెప్పొద్దూ, అంత అందమైన వస్తువు మా ఇంట్లో అంతకుముందు లేదు. బ్యాంకు మేనేజరు భార్య వచ్చి చూసింది. మా అత్తగారి తరఫు చుట్టాలు నూజివీడు నుంచి పనిగట్టుకుని వచ్చి చూశారు. నవ్విన అత్తగారే "మా చిన్నకోడలు సముద్రాన్ని ఇంట్లోకి తెచ్చింది" అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. నేను వాళ్ళందరికీ టీలు పెట్టాను.

ఇంకో సంగతి ఉంది. ఆ తొట్టి పెట్టిన చోట అంతకుముందు నా కుట్టుమిషను ఉండేది.

చిన్న విషయం కదూ? నాకూ అలాగే అనిపించాలని చాలా ప్రయత్నించాను. మిషనుని వెనక వసారాలోకి మార్చారు. "అక్కడైతే గాలి బాగా వస్తుందే" అన్నారు అత్తగారు. గాలి బాగానే వచ్చేది. మనుషులే రావడం మానేశారు. హాల్లో ఉన్నప్పుడు జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చినవాళ్ళు గంటసేపు కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళు. వసారాలోకి వచ్చినవాళ్ళు గుడ్డ ఇచ్చి, హాల్లోకి వెళ్ళి కూర్చునేవాళ్ళు.

అలా వెళ్ళిన వాళ్ళలో కరుణ కూడా ఉంది. అక్కడే నాకు కాలింది.

కరుణ గవర్నమెంటు బడిలో టీచరు. మా వీధి చివర అద్దె ఇంట్లో ఉండేది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చి, కుట్టడానికి ఏమీ లేకపోయినా రావడం మొదలుపెట్టింది. నేను "టీచరూ" అని పిలిచేదాన్ని, తను నన్ను "వదినా" అనేది. క్రిస్మస్‌కి కేకు తెచ్చేది, ఉగాదికి మా ఇంట్లో బొబ్బట్లు తినేది. నా పెళ్ళయ్యాక నాకంటూ దొరికిన మనిషి ఆవిడొక్కతే. మిగతా అందరూ మా ఆయన వైపు వాళ్ళో, అత్తగారి వైపు వాళ్ళో. అలాంటి కరుణ మొదటిసారి ఆ తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. చేతిలో నేనిచ్చిన టీ చల్లారిపోయింది. స్రవంతి ఏదో చెబుతోంది, కరుణ చిన్నపిల్లలా వింటోంది. తర్వాత బడి పిల్లల్ని పది మందిని వెంటేసుకొచ్చి మరీ చూపించింది. నేను వసారాలో జాకెట్టు కుట్టుకుంటున్నాను. మిషను తొక్కడం ఆపితే వాళ్ళ నవ్వులు వినిపిస్తాయని ఆపకుండా తొక్కాను.

అసూయ అంటే ఏమిటో నాకు తెలుసు. అది స్రవంతి చెడ్డది కాకపోవడం. చెడ్డదైతే ఎంత హాయిగా ఉండేది! నాలుగు తిట్టుకుని పడుకునేదాన్ని. ఆ పిల్ల నన్ను నోరారా "అక్కా" అనేది. నా చేత్తోనే చేపలకి మేత వేయించేది. పగడాల్ని ముట్టుకోవడం నేర్పింది, నీళ్ళు మార్చడం నేర్పింది. "నీ చేతికి ఓపికెక్కువక్కా" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఎందుకు మండేది? ఇంట్లో పదకొండేళ్ళలో ఎవరూ అనని మంచి మాట అది. అది అనవలసిన నోళ్ళు వేరే ఉన్నాయి, అన్నది ఈ పిల్ల, అదీ తన తొట్టి కోసం.

స్రవంతి నీళ్ళోసుకుంది. ఏడో నెల వచ్చింది. పురిటికి బందరు వెళ్ళే ముందు తొట్టికి లైటు మార్చాలంది. పాత ట్యూబులు విపరీతంగా వేడెక్కేవి. మా ఊరి ఎండల సంగతి మీకు తెలుసో లేదో, ఏప్రిల్ వచ్చిందంటే నీళ్ళు వాటంతటవే కాగినట్టుంటాయి. దాని మీద ఆ ట్యూబుల వేడి తోడైతే పగడాలు తట్టుకోవు. పైగా కరెంటు పోతే ఇన్వర్టరు వాటిని ఎక్కువసేపు మోయలేదు. అందుకని ఎల్‌ఈడీ లైటు తెప్పించింది. వెడల్పాటి నల్లటి పలకలా ఉంది. ఎలక్ట్రీషియను శ్లాబుకి కొక్కెం కొట్టి వేలాడదీశాడు. స్రవంతి కుర్చీలో కూర్చుని, పొట్ట మీద చెయ్యేసుకుని, ఇంకాస్త పైకి, ఇంకాస్త పైకి అని చెప్పింది.

ఆ తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. పగడం చెట్టు కాదు, ప్రాణి. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది. వెలుతురుతో ఆ నాచు వండిపెడుతుంది, పగడం తింటుంది. పాత ట్యూబుల మసక వెలుతురుకి అలవాటుపడ్డ వాటి మీద ఈ కొత్త లైటుని ఒక్కసారిగా పూర్తిగా వేస్తే, నాచుని బయటికి గెంటేసి తెల్లగా పాలిపోతాయి. ఆ తర్వాత ఆకలితో చచ్చిపోతాయి. లైటుకి చిన్న డబ్బా ఉంది, దానికి బొత్తాలున్నాయి, నొక్కితే అంకె మారుతుంది. ఇరవైతో మొదలుపెట్టాలి. వారానికి ఐదు చొప్పున పెంచాలి. అంతకన్నా తొందరపడకూడదు. మా హాల్లో దేవుడి బొమ్మ క్యాలెండరు ఉంటే, ప్రతి సోమవారం గళ్ళో, రాహుకాలం పక్కనే, ఎర్ర పెన్నుతో అంకెలు రాసింది. ఇరవై, ఇరవై ఐదు, ముప్ఫై. మొగుడికి అప్పగించలేదు. నాకు అప్పగించింది. కారెక్కుతూ కూడా వెనక్కి తిరిగి, "నువ్వున్నావు కాబట్టి ధైర్యంగా వెళ్తున్నానక్కా" అంది.

రెండు వారాలు క్యాలెండరు చెప్పినట్టే చేశాను. దేవుడి మీద ఒట్టు, ఒక్క అంకె తేడా రానివ్వలేదు.

ఆ రోజు కరుణ జాకెట్టు కోసం వచ్చింది. ఈస్టరుకి కట్టుకోబోయే చీర మీదకి కుట్టాను. మెడ చుట్టూ సన్నటి పైపింగు, చేతులకి చిన్న చిన్న ముత్యాలు. నాలుగు రోజులు కళ్ళు పోయేలా కూర్చుని కుట్టాను. తను చూసి ఏమంటుందో అని ముందురోజు నుంచీ ఎదురుచూశాను కూడా. వచ్చేసరికి స్రవంతి వీడియో కాల్‌లో ఉంది. అత్తగారు ఫోను పట్టుకుని తొట్టి చూపిస్తున్నారు. కరుణ వెళ్ళి పక్కన కూర్చుంది. ముగ్గురూ నవ్వులే నవ్వులు. నేను టీ తెచ్చాను. ఎవరూ తలెత్తలేదు. జాకెట్టు కవర్లో పెట్టి సోఫా మీద, తన పక్కనే పెట్టాను. గంట తర్వాత ఫోను పెట్టేసి, బడికి టైమైందంటూ లేచి, "వస్తా వదినా" అని వెళ్ళిపోయింది. కవరు సోఫా మీదే ఉండిపోయింది.

ఆ కవరు వంక చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మర్చిపోయింది, అంతే. మనుషులు మర్చిపోరా? నేను మర్చిపోనా? ఇలా నాకు నేను చెప్పుకోవాల్సింది. చెప్పుకోలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అత్తగారు గదిలో నడుం వాల్చారు. మగవాళ్ళు కొట్లో ఉన్నారు. నేను తొట్టి దగ్గరికి వెళ్ళి బొత్తం నొక్కి పట్టుకున్నాను. ముప్ఫై, నలభై, యాభై. వేలు తీయలేదు. వంద దాకా వెళ్ళి అంకె ఆగిపోయింది.

హాలంతా తెల్లబడింది. చేపలు రాళ్ళ సందుల్లోకి దూరాయి. ఎంత బాగుందో! ఇంత వెలుతురు దాచుకుని ఇరవై, ఇరవై ఐదు అంటూ పిసినారితనమేంటి అనుకున్నాను. ఒక్క గంట చూసి తగ్గించేస్తానని కూడా అనుకున్నాను. మొదటి రోజుకి ఆ సాకు ఉంది. రెండో రోజుకి లేదు.

అసలు తప్పు రెండో రోజుదే. పొద్దున టైమరు ప్రకారం లైటు తనంతట తనే వెలిగింది, వందలోనే. మధ్యాహ్నానికి పచ్చగడ్డిలాంటిది విచ్చుకోలేదు. ముడుచుకుని రాతికి అతుక్కుపోయింది. నాకు అర్థమైంది. ఊళ్ళో ఇంకెవరికీ అర్థం కాదు గానీ నాకు అర్థమైంది, ఎందుకంటే ఆ పిల్ల నాకు నేర్పి వెళ్ళింది. బొత్తం చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. చాపలేదు. అత్తగారు వచ్చి, ఇవాళ భలే వెలుగుతోందే అంటే, స్రవంతి పెంచమని రాసిందత్తయ్యా అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం!

ఎనిమిది రోజులు అలా ఉంచాను. ఎర్రటివి గులాబీ అయ్యాయి, గులాబీవి తెల్లబడ్డాయి. ఫోటో పంపమని స్రవంతి అడిగితే నా ఫోనులోని పాత ఫోటోలు పంపాను. ఏం జరుగుతుందని అనుకున్నాను? స్రవంతి ఏడవాలనుకున్నానా? మిషను హాల్లోకి రావాలనుకున్నానా? కరుణ మళ్ళీ వసారాలోకి వచ్చి కూర్చోవాలనుకున్నానా? ఏడేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ ఎనిమిది రోజులూ నాకు కడుపు నిండినట్టుంది. ఛీ, ఎలాంటి మాట రాస్తున్నానో చూడండి. అయినా నిజం అదే.

తొమ్మిదో రోజున భయం వేసింది. లైటుని క్యాలెండరులో ఉన్న అంకెకి తెచ్చి పెట్టాను. అప్పటికే రాళ్ళ మీద సున్నం కొట్టినట్టుంది. వెలుతురు తగ్గేసరికి ఆ పూటే అత్తగారి కంట పడింది. "ఓరి దేవుడో!" అని అక్కడే కూలబడ్డారు. ఆవిడకి లైటు గుర్తుకు రాలేదు, వేడి గుర్తుకు రాలేదు. ఒకటే మాట, దిష్టి. పాలిపోయిన పసిపిల్లలా ఉన్నాయే, ఎవరి కళ్ళు పడ్డాయే అన్నారు. ఆవిడ భయం పగడాల గురించి కాదు. గాజు తొట్టిలో ఉన్నవాటికే ఇంత జరిగితే, పిల్ల కడుపులో ఉన్న పసిగుడ్డు మాటేమిటని. ఈమధ్య ఎవరెవరు వచ్చి చూశారో చెప్పమన్నారు.

నేను చెప్పాను. పాలవాడి పెళ్ళాం వచ్చింది, మేనేజరు గారి భార్య వచ్చింది. తర్వాత కాసేపు ఆగాను. ఆ ఆగడం నాకు ఇప్పటికీ గుర్తు. తర్వాత, మొన్న కరుణ టీచరు గంటసేపు రెప్ప వేయకుండా చూసిందత్తయ్యా, తెచ్చుకోవాల్సిన జాకెట్టు కూడా మర్చిపోయి వెళ్ళిందన్నాను.

అబద్ధం చెప్పలేదు, గమనించారా? ప్రతి మాటా నిజమే.

రాళ్ళ ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని అత్తగారు ఆ తొట్టి చుట్టూ మూడుసార్లు తిప్పారు. తీసుకెళ్ళి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదట. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టట. గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టించారు. స్రవంతి కాన్పయ్యేదాకా ఆ టీచరమ్మ గడప తొక్కడానికి వీల్లేదన్నారు. నేను ఉప్పు డబ్బా అందించాను. దిష్టి అన్న మాట ఇంట్లో ఉన్నంతకాలం లైటు వంక ఎవరూ చూడరని నాకు తెలుసు.

ఈస్టరుకి రెండు రోజుల ముందు కరుణ జాకెట్టు కోసం వచ్చింది. గేటు దగ్గరే ఆపేశారు. కవరు పట్టుకుని నేను బయటికి వెళ్ళాను.

"ఏమైంది వదినా? అమ్మగారు లోపలికి రావద్దంటున్నారు."

"స్రవంతి పగడాలు పోయాయి టీచరూ."

"అయ్యో, అన్నీనా? ఆ గుండీల్లాంటివి కూడానా? పాపం, ఆ పిల్లకి చెప్పారా? అసలే ఒట్టి మనిషి కూడా కాదు." గబుక్కున ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "చూసింది చాల్లేమ్మా! ఇంక వెళ్ళమనవే ఆవిణ్ణి."

కరుణ గేటుకి దగ్గరగా జరిగింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నా దిష్టి తగిలిందంటున్నారా? మేం అలాంటివి నమ్మం వదినా. పోనీ, పెద్దావిడ, ఏదో అనుకున్నారు. నువ్వు చెప్పు. నువ్వూ అలాగే అనుకుంటున్నావా?"

నన్ను సూటిగా చూస్తోంది. ఒక్క మాట చాలు. కాదు అంటే చాలు. అసలు సంగతి చెప్పకపోయినా, కాదు అన్నా చాలు.

"పెద్దవాళ్ళు అన్నారంటే ఏదో ఉంటుంది కదా టీచరూ" అన్నాను.

"సరే వదినా" అంది. కవరు తీసుకుంది. విప్పి చూడలేదు.

ఇంట్లో మాట ఇంట్లో ఉంటే అదో రకం. మా అత్తగారు భయపడ్డ మనిషి, కనపడ్డ వాళ్ళందరికీ చెప్పారు. వీధి నుంచి వీధికి పాకింది. నెల తిరక్కుండా ఒకరోజు బస్టాండు దగ్గర నా కళ్ళతో చూశాను. కరుణ నడిచి వస్తుంటే, చంకలో బిడ్డ ఉన్న ఒకావిడ చటుక్కున పైటచెంగు తీసి బిడ్డ మొహం మీద కప్పింది. కరుణ చూసింది. చూసి, ఏమీ ఎరగనట్టు బస్సు బోర్డు చదవడం మొదలుపెట్టింది. ఒకటో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి. నేను సందులోకి తప్పుకున్నాను.

స్రవంతికి కాన్పు ముందే అయింది. ఆడపిల్ల. కామెర్లు కనపడ్డాయని గాజు పెట్టెలో పడుకోబెట్టి, పైన నీలం లైటు పెట్టారు. అత్తగారితో బందరు వెళ్ళాను. అద్దంలోంచి చూశాను. కళ్ళకి గుడ్డ కట్టి, గుప్పెడంత పిల్ల, ఆ వెలుతురులో కాళ్ళు తన్నుకుంటోంది. అక్కడున్న నర్సుని పట్టుకుని, లైటు ఎంతలో పెట్టారు, కొంచెం తగ్గించండి అని బతిమాలాను. ఆ అమ్మాయి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. పక్కనే అత్తగారు, ఆ టీచరు చూపు పిల్లదాకా వచ్చిందే అని ఏడుస్తున్నారు. దిష్టి ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే మాత్రం ఎవరిదో నాకు తెలుసు. ఆ పెట్టె ముందు నిలబడలేక వరండాలోకి వెళ్ళిపోయాను. పిల్ల నాలుగు రోజుల్లో కోలుకుంది. అదొక్కటీ జరక్కపోయి ఉంటే నేను ఇది రాయడానికి కూడా మిగిలేదాన్ని కాదు.

స్రవంతి ఎవరినీ అనలేదు. దిష్టి మాట నమ్మనూ లేదు, అత్తగారితో గొడవ కూడా పడింది. టీచరుగారికేం సంబంధం, ఇది వెలుతురు వల్ల జరిగింది, ఇరవై కూడా ఎక్కువేమో, పదితో మొదలుపెట్టాల్సింది, నా లెక్కే తప్పు అంది. బాలింత మాట ఎవరు వింటారు? ఐదో నెల పిల్లనెత్తుకుని వచ్చాక, తొట్టిలో రాళ్ళు ఒక్కొక్కటే తీసి బక్కెట్లో వేస్తూ, నన్నే ఓదార్చింది. నేను రాసినట్టే చేశావు, నువ్వు మాత్రం ఏం చేస్తావక్కా అంది. మళ్ళీ పెట్టలేదు. చేపల్నీ, లైటునీ ఎవరికో ఇచ్చేసింది. తొట్టి డాబా మీదకి చేరింది. అందులో అత్తగారు తోటకూర వేశారు.

నా మిషను హాల్లోకి వచ్చింది. పాత చోటే. కోరుకున్నది దొరికింది. కానీ దాని పక్క కుర్చీలో ఎవరూ కూర్చోరు. కరుణ ఆ వేసవిలోనే గంపలగూడెం అవతల ఏదో ఊరి బడికి బదిలీ పెట్టుకుని ఇల్లు ఖాళీ చేసింది. సామాను ఆటో మా ఇంటి ముందు నుంచే వెళ్ళింది. కిటికీలోంచి చూశాను.

ఇన్నేళ్ళు ఊరుకున్నదాన్ని ఇప్పుడెందుకు రాస్తున్నాను? పోయిన వారం జరిగినదాని వల్ల.

స్రవంతి కూతురికి పుట్టినరోజు. ఏడేళ్ళు నిండాయి. నన్ను "పెద్దమ్మా" అని వదలదు. నెమలి వేణుగోపాలస్వామి గుడికి తీసుకెళ్తానని మాటిచ్చాను. గంపలగూడెంలో షేర్ ఆటో ఎక్కాం. నిండేదాకా కదలడు కదా, కూర్చున్నాం. ఆఖరి మనిషి ఎక్కి మా ఎదుట కూర్చుంది. కరుణ. జుట్టు కొంచెం నెరిసింది. చేతిలో పిల్లల నోటుపుస్తకాల సంచి.

నన్ను గుర్తుపట్టింది. తలూపింది. నా ఒళ్ళో ఉన్న పిల్ల మీదకి తన చూపు వచ్చింది, ఒక్క క్షణం. ఎవరి పిల్లో తెలిసిపోయినట్టుంది, వాళ్ళమ్మ పోలికే. వెంటనే మొహం రోడ్డు వైపు తిప్పేసుకుంది. కోపంగా కాదు. వేడి గిన్నె అంచు తగిలితే చెయ్యి తీసుకుంటామే, అలా.

పిల్లకి ఇవేం తెలుసు? పుట్టినరోజని కొత్త గాజులు వేసుకుంది, దారి పొడుగునా కనపడ్డ వాళ్ళందరికీ చూపిస్తోంది. చెయ్యి చాపి, కరుణ మోకాలి మీద తట్టి, "ఆంటీ, నా గాజులు చూడండి" అంది.

"బాగున్నాయమ్మా. చాలా బాగున్నాయి" అంది కరుణ.

రోడ్డు వైపే చూస్తూ అంది. పిల్ల మళ్ళీ గాజులు గలగలలాడించింది. అటు తిరగలేదు. చీర కొంగుతో మెడ తుడుచుకుని, ఆటో కుదుపుకి కమ్మీ పట్టుకుని, దిగేదాకా అలాగే పొలాల వంక చూస్తూ కూర్చుంది.

ఎవరూ పిల్ల మొహం కప్పకుండానే తన కళ్ళు తనే తిప్పుకుంది. పిల్లల మధ్య బతికే మనిషి. రోజూ బడిలో ఏం చేస్తోంది? పలకలు దిద్దేటప్పుడు ఎటు చూస్తోంది? నాకు అడిగే హక్కు లేదు. ఆటోలో ఆరుగురం ఉన్నాం. వాళ్ళందరి ముందూ చెప్పి ఉండాల్సింది. తను దిగింది, డబ్బులిచ్చింది, వెళ్ళిపోయింది. నేను పిల్ల గాజులు సర్దుతూ కూర్చున్నాను.

ఇది అత్తగారికి చదివి వినిపించే ధైర్యం నాకు లేదు. స్రవంతికి చూపిస్తానేమో, ఏమో, మాటివ్వను. నా మాటలకి విలువ ఎంతో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది. మీ దగ్గర మాత్రం విడమరిచి చెబుతున్నాను. లైటుని వందలో పెట్టింది నేను. ఎనిమిది రోజులు ఉంచింది నేను. కరుణ చూపులో ఏ దోషమూ లేదు. ఇంత రాసేసరికి కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ ఊపిరి కూడా నాకే దక్కింది. ఆవిడకి కాదు.